పరాయి ఊళ్ళలో మనుషుల ఫోటోలు తీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశాలకు వెళ్ళి వచ్చినవాళ్ళు ఫోటోలు చూపించేటప్పుడైనా, వెళ్ళబోయేవాళ్ళు సలహా అడిగేటప్పుడైనా అనంతపురంలోనూ కర్నూలులోనూ కడపలోనూ నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒకటే. కొండలు, కోటలు, సముద్రాల ఫోటోల గురించి ఎవరికీ పెద్దగా సందేహం ఉండదు. సందేహమంతా మనుషుల గురించే. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, వద్దంటే ఏం చేయాలి, తీసిన ఫోటోను ఏం చేసుకోవచ్చు అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఈ జవాబులను ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

కెమెరాకు ఎదురుగా నిలబడడం ఎలా ఉంటుందో రాయలసీమవాళ్ళకు తెలుసు. వానలు మొహం చాటేసిన ఏడాది బయటినుంచి కెమెరాలు వస్తాయి. నెర్రెలిచ్చిన చెరువు, నుదుట చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూసే ముసలి రైతు అచ్చులో కనిపిస్తారు. ఆ రైతు పేరు ఉండదు. శనక్కాయ ధర గురించి ఆయన మార్కెట్లో ఎంత గట్టిగా వాదించగలడో, కూతురిని ఎంత దూరం చదివించాడో ఆ ఫోటోలో ఉండదు. మన మనుషులను అలా చూపినప్పుడు కలిగే బాధ గుర్తుంటే, పరాయి దేశంలో కెమెరా ఎత్తేటప్పుడు మన చెయ్యి కాస్త నిదానిస్తుందని నా నమ్మకం.

## బయలుదేరే ముందు

రోడ్డు మీద ఉన్నవాళ్ళ ఫోటో ఎవరైనా తీసుకోవచ్చు కదా, మళ్ళీ పర్మిషన్ ఎందుకు?

అన్ని దేశాల్లో చట్టం ఒకేలా ఉండదు. అమెరికాలో బహిరంగ స్థలంలో ఉన్న మనిషిని ఫోటో తీయడానికి సాధారణంగా అడ్డంకి లేదు. జర్మనీలో 1907 నాటి చట్టం ఒకటి నేటికీ అమలులో ఉంది. దాని ప్రకారం ఒక మనిషి బొమ్మను ఆ మనిషి సమ్మతి లేకుండా ప్రచురించకూడదు. ఊరేగింపుల్లో పాల్గొన్నవాళ్ళకు, దృశ్యంలో ఒక మూలన యాదృచ్ఛికంగా పడినవాళ్ళకు వర్తించేవి వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కెనడాలోని క్యుబెక్‌లో, మాంట్రియల్ వీధిలో మెట్ల మీద కూర్చున్న 17 ఏళ్ళ అమ్మాయి ఫోటోను అడగకుండా పత్రికలో వేసినందుకు ఆమెకు 2,000 డాలర్లు చెల్లించాలని ఆ దేశ సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పింది. ఆ ఫోటోలో ఆమెను అవమానించే విషయం ఏదీ లేదు, అయినా కోర్టు ఆమె వైపే నిలిచింది.

మన దేశంలో వీధిలో ఫోటో తీయడాన్ని పూర్తిగా నిషేధించే చట్టం లేదు కానీ, ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. చట్టం ఎక్కడ ఏమి చెప్పినా, అడగడం వల్ల మీకు పోయేది అర నిమిషం. అడగకపోతే ఎదుటి మనిషికి ఏమి పోతుందో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

గల్ఫ్‌లో ఫోటో తీస్తే జైల్లో వేస్తారంటారు, నిజమేనా?

కడప, రాయచోటి, రాజంపేట వైపు దాదాపు ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం, ఇతరుల గోప్యతకు భంగం కలిగేలా ఫోటో తీసినా, దాన్ని దగ్గర ఉంచుకున్నా, పంచినా కనీసం 6 నెలల జైలు గానీ, 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బురుజ్ ఖలీఫా ముందు మీ ఇంటివాళ్ళ ఫోటో తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. షాపింగ్ మాల్‌లో, బీచ్‌లో, బస్సులో ముక్కూమొహం తెలియని కుటుంబాన్ని, ముఖ్యంగా స్త్రీలను, ఫ్రేములోకి తెచ్చుకోవడం ప్రమాదం. పనిచేసే ఇంట్లోని పిల్లలతో వీడియో తీసి ఊరికి పంపడం కూడా ఇందులోకే వస్తుంది. ఆ ఇంటివాళ్ళు మనతో ఎంత మంచిగా ఉన్నా, అడగకుండా ఆ పని చేయకూడదు.

వెళ్ళే చోట ఏది తప్పో ముందే ఎలా తెలుస్తుంది?

ఆ దేశపు పర్యాటక శాఖ వెబ్‌సైటు చూడండి. అక్కడ చదువుకుంటున్న, పనిచేస్తున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోనులో అడగండి. చేరాక గోడల మీది బోర్డులు చదవండి. జపాన్‌లోని క్యోటో నగరంలో గియోన్ అనే పేటలో గెయిషాలు అనే సంప్రదాయ ఆటపాటల కళాకారిణులను, మైకోలు అనే వాళ్ళ శిష్యురాళ్ళను పర్యాటకులు వెంటపడి ఫోటోలు తీయడంతో అక్కడి నివాసులు విసిగిపోయి, ప్రైవేటు సందుల్లో ఫోటో తీస్తే 10,000 యెన్‌ల జరిమానా అని 2019లో బోర్డులు పెట్టారు. 2024లో కొన్ని సందుల్లోకి పర్యాటకులను రావద్దనే చెప్పారు. భూటాన్‌లో గుడి లోపలి గర్భాలయంలో ఫోటో నిషేధం. శ్రీలంకలో బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగడం పెద్ద అపచారం. ఏ దేశంలోనైనా సైనిక స్థావరాలు, సరిహద్దు చెక్‌పోస్టులు, పోలీసుల వైపు కెమెరా తిప్పకండి.

పెద్ద జూమ్ లెన్స్ ఉంటే దూరం నుంచే తీసుకోవచ్చు కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదు?

ఇబ్బంది ఉండదని మీరు అనుకుంటున్నారు, ఎందుకంటే వాళ్ళు మిమ్మల్ని చూడలేదు. 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో రోడ్డు అవతలి నుంచి ఒక ముఖాన్ని లాక్కోవడం పక్షిని తీసే పద్ధతి. మనుషులకు 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ చాలు. దానితో మంచి ఫోటో రావాలంటే మాట వినిపించేంత దగ్గరికి వెళ్ళక తప్పదు, అంత దగ్గరికి వెళ్ళాక పలకరించక తప్పదు. ఫోన్ కూడా ఈ పనికి బాగానే ఉంటుంది.

## అడిగేటప్పుడు

నాకు వాళ్ళ భాష రాదు. ఎలా అడగాలి?

కెమెరాను కిందికి దించి, ముఖం కనిపించేలా నిలబడి, నవ్వి, ముందు నమస్కారం చెప్పండి. తర్వాత కెమెరా చూపించి, వాళ్ళ వైపు చెయ్యి చూపి, ప్రశ్నార్థకంగా చూస్తే ప్రపంచంలో ఎక్కడైనా అర్థమవుతుంది. ఒక్క మాట నేర్చుకుని వెళితే ఇంకా మంచిది: ఇండోనేసియాలో 'బోలే ఫోటో?', జపాన్‌లో 'షాషిన్, ఓకే?', స్వాహిలి మాట్లాడే కెన్యా, టాంజానియాల్లో 'పిచా?' అంటే చాలు. అవతలివాళ్ళు వయసులో పెద్దవాళ్ళయితే అక్కడ పెద్దలను ఎలా పిలుస్తారో తెలుసుకోండి. మన ఊళ్ళో ముసలమ్మను 'అవ్వా, ఒక ఫోటో తీసుకోనా?' అని అడగడానికీ, 'ఇటు చూడు' అని కేకేయడానికీ ఎంత తేడా ఉందో, అక్కడా అంతే ఉంటుంది.

తలూపడం మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. బల్గేరియాలో తల పైకెత్తి ఊపితే కాదని అర్థం, అడ్డంగా ఊపితే ఔనని. మన అడ్డం తలూపు చూసి విదేశీయులు ఎంత తికమక పడతారో తెలిసిందే. కళ్ళూ భుజాలూ ఏమి చెబుతున్నాయో చూస్తే సంగతి తేలిపోతుంది.

అడిగితే బిగుసుకుపోయి పాస్‌పోర్టు ఫోటోలా నిలబడతారు. క్యాండిడ్‌గా రావాలంటే అడక్కుండా తీయాలి కదా?

ఈ ప్రశ్న అందరూ అడిగేదే. అడగగానే మొదటి ఫోటో బిగుసుకుపోయే వస్తుంది, అది నిజం. ఆ ఫోటో తీసి, వాళ్ళకు చూపించి, అక్కడే ఉండండి. మనిషి తన పనిలోకి తిరిగి వెళ్ళడానికి పట్టే కాసేపూ ఓపిక పట్టాలి.

ధర్మవరంలో మగ్గం ఇంటికి వెళ్ళినప్పుడు గమనించండి. లోపలికి అడుగుపెట్టగానే నేతగాడు పని ఆపుతాడు, చొక్కా సర్దుకుంటాడు, మగ్గం పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. అప్పుడు ఒకటి తీసి కూర్చుని, పడుగు ఎక్కడినుంచి తెచ్చారు, ఈ చీర అంచు ఎన్ని రోజుల పని అని అడిగితే ఆయన మళ్ళీ గుంతలో కాళ్ళు దించుకుని కూర్చుంటాడు. నాడె అటూ ఇటూ ఆడడం మొదలవుతుంది. ఒక పోగు తెగుతుంది. ఆయన వంగి, రెండు కొసలూ వేళ్ళ మధ్య నలిపి, చూపు తిప్పకుండా ముడి వేస్తాడు. అప్పటికి ఆయనకు మీరూ గుర్తుండరు, కెమెరా కూడా గుర్తుండదు. మీరు కోరుకున్న సహజమైన ఫోటో ఇదే, పైగా ఆయనకు తెలిసి, ఆయన ఇంట్లో ఆయన ఒప్పుకున్నాక వచ్చింది. వియత్నాంలో టోపీలు అల్లేవాళ్ళ దగ్గరైనా, మొరాకోలో తోళ్ళకు రంగులు అద్దేవాళ్ళ దగ్గరైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

సంతలో, రద్దీ వీధిలో ఒక క్షణం మళ్ళీ రాదనిపించి ముందే తీసేశారనుకుందాం. వెంటనే దగ్గరికి వెళ్ళి స్క్రీన్ చూపించి అడగండి, వద్దంటే వాళ్ళ కళ్ళముందే తీసేయండి. అలా వెళ్ళే ధైర్యం లేనప్పుడు ఆ ఫోటో తీయకూడదు.

గైడ్ తీసుకోమన్నాడు, ఓనర్ ఒప్పుకున్నాడు. అది చాలదా?

చాలదు. తేయాకు తోటలో మేనేజరు ఒప్పుకుంటే ఆకు కోసే ఆమె ఒప్పుకున్నట్టు కాదు. ఆమె వద్దంటే ఆయన దగ్గర పని ఉంటుందో లేదో ఆమెకే తెలుసు. సమ్మతి అంటే కాదనగలిగే స్థితిలో ఉన్న మనిషి ఔననడం. హోటల్లో గదులు ఊడ్చేవాళ్ళు, మీ సామాను మోసేవాళ్ళు, మీరు అప్పుడే చిల్లర ఇచ్చినవాళ్ళు కాదనడం కష్టం. అందుకే పై మనిషి ఒప్పుకున్నా, పని చేస్తున్న మనిషి దగ్గరికి వెళ్ళి, పై మనిషి పక్కన లేనప్పుడు మళ్ళీ అడగండి. ముఖం తిప్పుకుంటే, కొంగు ముందుకు లాక్కుంటే, పని వేగం పెంచితే వద్దనే జవాబు మీకు అందినట్టే.

వద్దన్నారు. కాసేపాగి ఇంకోసారి అడగొచ్చా?

అడగకండి. 'పర్లేదు, మంచిది' అని నవ్వి, వీలైతే ఇంకో మాట మాట్లాడి కదలండి.

ఆడవాళ్ళ ఫోటో తీయాలంటే మగవాళ్ళను అడగాలా?

ముందు ఆమెనే అడగాలి. కొన్ని సమాజాల్లో ఆమె పక్కనున్న భర్తనో అత్తగారినో చూస్తుంది. అప్పుడు వాళ్ళతో కూడా మాట్లాడండి. కానీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని ఆమె ఒప్పుకోకపోతే తీయకూడదు. మన పల్లెల్లో ఏడాది నిండని బిడ్డకు దిష్టి తగులుతుందని ఫోటో తీయనివ్వని తల్లులు ఎందరో ఉన్నారు. అలాంటి నమ్మకాలు ఇతర దేశాల్లోనూ ఉంటాయి, వాటితో వాదనకు దిగవద్దు. మహిళా ఫోటోగ్రాఫర్లకు వంటింటి దాకా దారి తెరుచుకుంటుంది. అలా దొరికిన నమ్మకం కాబట్టి ఆ ఫోటోలను బయట పెట్టేముందు మరింత ఆలోచించాలి.

## డబ్బు సంగతి

ఫోటో తీస్తే డబ్బులు అడుగుతున్నారు. ఇస్తే అలవాటు చేసినట్టవుతుందా?

ముందు వాళ్ళు ఎవరో చూడండి. మొరాకోలోని మరాకేష్‌లో జమా ఎల్ ఫ్నా మైదానంలో ఎర్ర దుస్తులు వేసుకుని గంట మోగించే నీళ్ళ వర్తకులకు, పెరూలోని కుస్కోలో రంగురంగుల దుస్తులతో గొర్రెపిల్లనో లామాపిల్లనో ఎత్తుకుని నిలబడే స్త్రీలకు ఫోటో దిగడమే బతుకుతెరువు. మన ఊళ్ళో పగటి వేషగాళ్ళు వేషం కట్టి ఇంటి ముందుకు వస్తే ఉత్త చేతులతో పంపం. ఇక్కడా అంతే: ముందే ఎంతో అడిగి, మాట కుదుర్చుకుని, ఇచ్చి తీసుకోండి. దూరం నుంచి తీసి జారుకోవడం వాళ్ళ కూలి ఎగ్గొట్టడమే.

ఇథియోపియాలోని ఓమో లోయ సంగతి ఇంకా చిక్కైనది. అక్కడ ముర్సి తెగవాళ్ళు ఒక్కో ఫోటోకు ఇంత అని అడుగుతారు. పర్యాటకులు కింది పెదవిని చీల్చి అందులో గుండ్రటి పళ్ళెం పెట్టుకున్న స్త్రీల కోసమే వస్తారు కాబట్టి, వాళ్ళకు నచ్చినట్టు ఎక్కువ అలంకరించుకుని వరుసగా నిలబడడం అలవాటైంది. డబ్బు ఇవ్వడం తప్పని నేను అనను. జీపు దిగి, పది నిమిషాల్లో నలభై ఫోటోలు తీసుకుని, ఒక్కరి పేరూ తెలుసుకోకుండా జీపెక్కే ఏర్పాటులో మాత్రం చేరవద్దని చెబుతాను. ఒక రాత్రి దగ్గర్లో ఉండి, ఊరి పెద్దలతో మాట్లాడి వెళ్ళే ఏర్పాటు దొరికితే అది ఎంచుకోండి.

ఇక తమ పనిలో ఉన్న మామూలు మనుషులకు, అంటే కూరగాయలమ్మేవాళ్ళకు, జాలరులకు, ఫోటోకింత అని ఇవ్వడం కంటే వాళ్ళ సరుకు కొనడం పద్ధతి. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇంటికి వెళ్ళి గంటసేపు ఫోటోలు తీసుకున్నవాళ్ళు ఒక చిన్న బొమ్మ, కనీసం ఒక దీపపు తెర కొంటే ఆ గంటకు విలువ ఇచ్చినట్టుంటుంది. పిల్లలకు మాత్రం ఫోటో తీసినందుకు డబ్బులు, చాక్లెట్లు ఇవ్వకండి. అలా వచ్చే డబ్బు కోసం బడి మాన్పించే ప్రమాదం ఉంది.

## పిల్లలు

పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి 'ఫోటో, ఫోటో' అంటారు. అప్పుడు తీయొచ్చా?

వాళ్ళ సంబరం నిజమైనదే. తీసి, స్క్రీన్ మీద చూపించి, వాళ్ళతో కలిసి నవ్వుకోండి. కానీ తమ ముఖం లోకమంతా తిరగాలా వద్దా అనేది పిల్లలు నిర్ణయించగల విషయం కాదు. తల్లినో తండ్రినో నాయనమ్మనో చూసి అడిగాకే ఆ ఫోటోను ఎక్కడైనా పెట్టండి; పెద్దలు కనిపించకపోతే ఆ ఫోటోను మీ దగ్గరే ఉంచుకోండి. బట్టలు సరిగా లేని పిల్లలను, స్నానం చేస్తున్న పిల్లలను తీయవద్దు. మనకు అది పల్లెటూరి ముచ్చటగా కనిపించవచ్చు. ఇంటర్నెట్‌లో ఆ ఫోటో ఎవరి చేతికి చేరుతుందో మన ఆధీనంలో ఉండదు.

అనాథాశ్రమానికి విరాళం ఇచ్చాను. పిల్లలతో ఫోటో దిగితే తప్పేంటి?

ఆ ఫోటో పెట్టిన క్షణం నుంచి ఆ పిల్లవాడు ఏ ఆశ్రమంలో ఉన్నాడో, ఏ స్థితిలో ఉన్నాడో అందరికీ తెలుస్తుంది. పెరిగి పెద్దయ్యాక తన గతాన్ని ఎవరికి చెప్పుకోవాలో అతడు తేల్చుకోవలసిన విషయాన్ని మీరు ముందే తేల్చేసినట్టవుతుంది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని మన దేశంలో బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. కంబోడియాలో పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారని చెబుతూ ప్రత్యేక ప్రచారమే నడిచింది, ఎందుకంటే సందర్శకుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో ఉంచే పరిస్థితి వచ్చింది. విరాళం ఇవ్వండి, రసీదు ఫోటో తీసుకోండి.

## గుడి, పండుగ, చావు

జాతరలో, ఊరేగింపులో ఒక్కొక్కరినీ అడగలేం కదా?

అడగలేరు, అక్కర్లేదు కూడా. ఊరేగింపు నలుగురికీ కనిపించడానికే జరుగుతుంది, దాని మొత్తం దృశ్యం తీయడంలో తప్పు లేదు. గుంపులోంచి ఒక ముఖాన్ని వేరు చేసి తీసేటప్పుడు మాత్రం ఆలోచించాలి. దసరా రాత్రి దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవంలో కర్రలు లేచినప్పుడు దివిటీల వెలుగులో ఆ గుంపును తీయడం వేరు; తల పగిలి పసుపు అద్దుకుని కూర్చున్న మనిషి ముఖం మీద ఫ్లాష్ కొట్టడం వేరు. గూగూడులో మొహర్రం నాడు కుళ్ళాయిస్వామి పీర్ల ముందు పూనకంలో ఉన్నవాళ్ళు తమను తాము చూసుకునే స్థితిలో ఉండరు. థాయిలాండ్‌లో ఫుకెట్ శాకాహార పండుగలో బుగ్గల్లోంచి కడ్డీలు గుచ్చుకుని నడిచేవాళ్ళూ అంతే. వాళ్ళ దారికి అడ్డం నిలబడవద్దు, ఫ్లాష్ వాడవద్దు, పూనకంలో ఉన్న స్త్రీ చీర చెదిరితే కెమెరా దించండి.

ప్రార్థన చేసుకుంటున్నవాళ్ళను తీయొచ్చా?

లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో తెల్లవారుజామున బౌద్ధ భిక్షువులు వరుసగా చెప్పుల్లేని కాళ్ళతో నడుస్తూ భిక్ష స్వీకరిస్తారు. ఊరివాళ్ళు రోడ్డు పక్కన చాప మీద మోకరిల్లి, బుట్టలోంచి జిగురన్నం ముద్దలు తీసి ఒక్కొక్కరి పాత్రలో వేస్తారు, ఒక్క మాటా ఉండదు. అక్కడ పర్యాటకులు భిక్షువుల ముఖాలకు అడుగు దూరంలో ఫోన్లు పెట్టడం ఎక్కువై, దూరంగా ఉండమని, ఫ్లాష్ వద్దని బోర్డులు పెట్టవలసి వచ్చింది. రోడ్డుకు అవతలి వైపు నిలబడి, శబ్దం ఆపేసి, రెండు మూడు తీసి కెమెరా సంచిలో పెట్టుకోవడం సరిపోతుంది.

కడప పెద్దదర్గాలో చాదర్ మీద తల ఆనించి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళను, ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే ముస్లిం కుటుంబాలను తీయాలని చాలామంది ఉత్సాహపడతారు. అవి అందమైన సందర్భాలే. ప్రార్థన పూర్తయి, బయటికి వచ్చి, చెప్పులు వేసుకునేదాకా ఆగి అడిగితే వాళ్ళే సంతోషంగా నిలబడతారు. తమ మొక్కు గురించి కూడా చెబుతారు.

శవయాత్ర, దహనం ఫోటోలు తీయొచ్చా?

కుటుంబం పిలిచి అడిగితే తప్ప తీయవద్దు. కాశీలో మణికర్ణిక ఘాట్‌లో ఫోటోలు తీయనివ్వరు. ఖాట్మండులోని పశుపతినాథ్ ఘాట్‌లో అవతలి ఒడ్డు నుంచి తీసేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళను చూసి మీరూ తీయకండి. ఇండోనేసియాలోని బాలిలో దహన సంస్కారం ఊరంతా కలిసి చేసే వేడుక కాబట్టి అతిథులను రానిస్తారు, అయినా ముందు ఇంటివాళ్ళను కలిసి, నడుముకు వాళ్ళ పద్ధతిలో వస్త్రం కట్టుకుని వెళ్ళాలి.

## కష్టాల్లో ఉన్నవాళ్ళు, తెగలు

పేదరికం చూపించకపోతే లోకానికి ఎలా తెలుస్తుంది?

చూపించకూడదని ఎవరూ అనరు. ఎలా చూపిస్తున్నారన్నదే ప్రశ్న. 1936లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మంచుకు బఠాణీ పంట పోయి కూలీలు దిక్కుతోచక ఉన్న గుడారాల దగ్గర డొరొథియా లాంగ్ అనే ఫోటోగ్రాఫర్ ఒక తల్లినీ ఆమె పిల్లలనూ ఫోటో తీసింది. ఆ ఫోటో చూసి ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధమైన ఫోటోల్లో అది ఒకటి. కానీ లాంగ్ ఆమె పేరు అడగలేదు. నలభై ఏళ్ళ తర్వాత, 1978లో, ఆ తల్లి ఫ్లారెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది; ఆ ఫోటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని, ఆమె తీయకుండా ఉంటే బాగుండేదని థాంప్సన్ అన్నది. ఆ ఫోటో మేలు చేసింది, ఆ మనిషిని బాధపెట్టింది, రెండూ నిజమే.

ఆదోని వైపు నుంచి, కదిరి వైపు నుంచి వలసవెళ్ళే కుటుంబాలు బస్టాండులో మూటల మీద కూర్చుని ఉండడం మనకు కొత్త దృశ్యం కాదు. ఆ ఫోటో తీయాలనుకుంటే వాళ్ళ పక్కన కూర్చోండి. ఎక్కడికి వెళుతున్నారు, ఏ పనికి, పిల్లల బడి సంగతి ఏమిటి అని అడగండి. మూటల మీద అలసి కూర్చున్న ఫోటోతో పాటు, వాళ్ళు మిమ్మల్ని సూటిగా చూస్తూ మాట్లాడే ఫోటో కూడా తీయండి. బయటి దేశంలో శరణార్థుల శిబిరానికి, మురికివాడకు వెళ్ళినప్పుడూ ఇదే చేయాలి. ఊరికే చూసి పోవడానికి వచ్చిన పర్యాటకులయితే, ఆ వీధుల్లో అసలు కెమెరా బయటికి తీయకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్ళు ముఖం చూపడానికి ఇష్టపడరు, ఎందుకంటే రాయి దొరికిందన్న అనుమానం వస్తేనే వాళ్ళ వెంట మనుషులు పడతారు. మనకు వింతగా కనిపించే పని వాళ్ళకు చిక్కులు తెచ్చిపెట్టవచ్చు. అక్కడ చేతులు, వంగిన వీపులు, తడిసిన ఎర్రమట్టి తీస్తే సరిపోతుంది.

గిరిజన తెగల ఫోటోలు తీయవచ్చా? ఎవరి అనుమతి కావాలి?

అండమాన్‌లో జారవాల విషయంలో జవాబు ఒక్కటే: తీయకూడదు. 1956 నాటి ఆదివాసీ తెగల రక్షణ నిబంధనల కింద వాళ్ళ దగ్గరికి వెళ్ళడం, ఫోటోలు, వీడియోలు తీయడం నేరం. ఆహారం ఆశ చూపి జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడినప్పుడు దేశమంతా తలదించుకుంది. నల్లమలలో పెంటలు అనే చెంచు గూడేలకు వెళ్ళేటప్పుడు అటవీ శాఖ అనుమతి ఒక్కటే ఉంటే సరిపోదు, పెంటలోని పెద్దలను కలవాలి. గుత్తి దగ్గర సేవాగఢ్‌లో ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతికి వచ్చే లంబాడీ అవ్వలను అద్దాల రైకా, ఏనుగు దంతం రంగు గాజుల కోసమే తీసేవాళ్ళు ఎందరో; ఆ కుట్టు ఎవరు కుట్టారు అని అడిగితే ఆ అవ్వ చెయ్యి చాపి ఒక్కో అద్దం చూపిస్తుంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలామందికి చనిపోయినవారి బొమ్మ చూడడం బాధాకరం. అక్కడి ఉలురు కొండ చుట్టూ కొన్ని పవిత్ర స్థలాలను ఫోటో తీయవద్దని బోర్డులు ఉంటాయి.

## తిరిగి వచ్చాక

తీయడానికి ఒప్పుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి మళ్ళీ అడగాలా?

అడగాలి. 'నా ఫోన్లో ఉంచుకుంటాను' అనడానికీ 'అందరూ చూసేచోట పెడతాను' అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఫోన్ వాడని మనిషికి తెలియకపోవచ్చు, కాబట్టి మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి చూపించి అడగండి. ఇల్లు ఎక్కడుందో చెప్పే లొకేషన్ ట్యాగ్ పెట్టవద్దు. పెద్ద ఊరి పేరు చాలు. ఫోన్ కెమెరా ఫోటోలోనే స్థలం వివరాలు దాచుతుంది, ఆ సెట్టింగు ఆపుకోవచ్చు.

క్యాప్షన్‌లో ఏం రాయాలి?

అనుమతిస్తే పేరు, చేసే పని, ఊరు. 'అమాయకపు చిరునవ్వు', 'పేదవాళ్ళయినా సంతోషంగా ఉన్నారు' వంటివి రాయకండి. వాళ్ళు సంతోషంగా ఉన్నారో లేదో పది నిమిషాల్లో మనకు తెలియదు. ఆమె తన గురించి ఒక మాట చెప్పి ఉంటే దాన్నే రాయండి.

ఫోటో పంపుతానని మాటిచ్చాను. ఎలా పంపాలి?

మాటిచ్చాక పంపి తీరాలి, లేదంటే తర్వాత వచ్చే ప్రతి ప్రయాణికుడినీ వాళ్ళు అబద్ధాలకోరుగా చూస్తారు. అక్కడికక్కడే వాట్సాప్ నంబరు తీసుకుని, వాళ్ళ ముందే పంపడం తేలిక. ఫోన్ లేనివాళ్ళకు వెంటనే ప్రింటు వచ్చే చిన్న కెమెరా ఎంతో ఉపయోగం; పర్సులో పట్టేంత కాగితం చేతిలో మెల్లగా రంగు తేరుతుంటే చుట్టూ మూగి చూస్తారు. అదీ లేకపోతే దగ్గర్లోని దుకాణం చిరునామా, దుకాణదారు పేరు రాసుకుని, ఇంటికి రాగానే మన ఫోటో స్టూడియోలో కడిగించి పోస్టులో పంపండి. అదే ఊరికి వెళ్ళే మిత్రుడు ఉంటే కవరు చేతికివ్వండి.

ఫోటో పోటీకి పంపవచ్చా? అమ్ముకోవచ్చా?

పోటీకి పంపేముందు ఆ మనిషికి చెప్పడం మర్యాద. బహుమతి డబ్బు వస్తే అందులో కొంత పంపడం న్యాయం. ప్రకటనలకు, వస్తువుల అమ్మకానికి వాడేలా అమ్మాలంటే ఆ మనిషి సంతకం చేసిన మోడల్ రిలీజ్ అనే సమ్మతి పత్రం కావాలి, దాన్ని వాళ్ళకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. పిల్లలయితే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. వార్తాకథనాలకు చాలా దేశాల్లో ఆ పత్రం అవసరం ఉండదు.

ఏడాది తర్వాత మెసేజ్ పెట్టి ఫోటో తీసేయమంటున్నారు. తీసేయాలా?

తీసేయండి, కారణం అడగకండి. పెళ్ళి సంబంధం కావచ్చు, ఉద్యోగం కావచ్చు, దేశం మారి ఉండవచ్చు, మనసు మారి ఉండవచ్చు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, ఫోటోలు అమ్మే స్టాక్ వెబ్‌సైట్లు, పోటీ నిర్వాహకుల పేజీలు అన్నిటిలో వెతికి తొలగించి, మీరు తీయలేని చోట ఏదైనా మిగిలి ఉంటే ఆ లింకు వాళ్ళకు పంపి, తీయించడానికి ఎవరికి రాశారో కూడా చెప్పండి. హార్డ్ డిస్కులోని అసలు ఫోటోను కూడా తొలగించాలా అని వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పినట్టు చేయండి.